పేదల జాబితా ముందు, సభ్యుల రిజిస్టరు తర్వాత

నగరంలోని కతోలిక చర్చి ఆఫీసుకు సాయం కోసం వెళ్లినవారు తరచూ వినే ప్రశ్న ఒకటుంది: "మీది ఏ విచారణ?" విచారణ అంటే పారిష్. ఒక చర్చి, దాని చుట్టూ గీసిన హద్దు, ఆ హద్దులో ఉండే జనం, వాళ్ల బాధ్యత మోసే గురువు (ఫాదర్), అన్నీ కలిసినది. ప్రశ్నలో దురుద్దేశం ఏమీ లేదు. నిధి చిన్నది, అడిగేవాళ్లు ఎక్కువ. ఏదో ఒక లెక్క ఉండాలి. కానీ ఆ లెక్క దేన్నిబట్టి ఉండాలన్న దగ్గరే విచారణ మండలి సమావేశాలు వేడెక్కుతాయి. మన రిజిస్టరులో పేరున్నవాళ్లకా, మన హద్దులో ఉండే ఎవరికైనానా? ఏడాదికో అద్దె ఇల్లు మారే కుటుంబాన్ని, వేరే మతస్థుణ్ణి, అసలు ఇల్లే లేనివాణ్ణి ఏ లెక్కలో వేయాలి?

ఇది కొత్త తగాదా అనుకుంటాం. నిజానికి శ్రీసభలో, అంటే కతోలిక చర్చిలో, ఇంతకంటే పాత తగాదాలు కొన్నే ఉన్నాయి.

బైబిల్లో అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం ఒక ఫిర్యాదుతో మొదలవుతుంది. యెరూషలేములో రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లను పట్టించుకోవడం లేదని గొణుగుడు బయల్దేరింది. దాన్ని సర్దడానికే ఏడుగురిని ఎన్నుకున్నారు. తిమోతికి రాసిన మొదటి లేఖకు వచ్చేసరికి నిబంధనలు కూడా తయారయ్యాయి. జాబితాలో చేర్చే విధవరాలికి 60 ఏళ్లు నిండి ఉండాలి. చూసుకునే బంధువులుంటే వాళ్లే చూసుకోవాలి, సంఘం మీద భారం వేయకూడదు. అర్హత వయసు, కుటుంబ ఆధారం, నిధి చాలదేమోనన్న బెంగ, ఇవన్నీ ఒకటో శతాబ్దం తిరిగేసరికే కాగితం మీదికి వచ్చేశాయి.

రోమ్ నగరంలో ఈ ఏర్పాటు ఎంత పెద్దదైందో చూపే లెక్క ఒకటి మిగిలింది. 155 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత అక్కడి ఆదివారం ఆరాధనను వర్ణిస్తూ, ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చింది సంఘపెద్ద దగ్గర ఉంచుతారని, దానితో ఆయన అనాథలను, విధవరాళ్లను, రోగులను, ఖైదీలను, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను ఆదుకుంటాడని రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 251లో, పోపు కొర్నేలి అంతియొకయ పీఠాధిపతికి (బిషప్పుకు) రాసిన ఉత్తరంలో తన దగ్గర 46 మంది గురువులు, ఏడుగురు డీకన్లు ఉన్నారని, 1500 మందికి పైగా విధవరాళ్లను, ఆపదలో ఉన్నవాళ్లను పోషిస్తున్నామని చెప్పాడు. అంత జనాన్ని పోషించాలంటే పట్టీ ఉండి తీరాలి. ఆయనకు ముందున్న పోపు ఫాబియన్ నగరాన్ని డీకన్లకు ప్రాంతాలుగా పంచాడని నాలుగో శతాబ్దపు పట్టిక ఒకటి చెబుతుంది. డీకన్లు సేవ చేసేవాళ్లు, డబ్బు లెక్క చూసేవాళ్లు. అంటే రోమ్‌లో శ్రీసభ గీసినట్టు మనకు తెలిసిన మొదటి సరిహద్దులు ఎవరు ఏ చర్చికి రావాలో చెప్పడానికి గీసినవి కావు, ఏ వీధి పేదలు ఎవరి బాధ్యతో చెప్పడానికి గీసినవి.

258లో ప్రాణమిచ్చిన డీకన్ పునీత లారెన్స్ కథ ఈ నేపథ్యంలో వింటేనే అర్థమవుతుంది. శ్రీసభ సంపదలు అప్పగించమని అధికారి అడిగితే, ఆయన పేదలను వెంటబెట్టుకొచ్చి వీళ్లే మా సంపద అన్నాడట. నాలుగో శతాబ్దంలో మిలాన్ పీఠాధిపతి అంబ్రోసు రాసిన ఈ కథలో చరిత్ర ఎంత, భక్తి ఎంత అన్నది వేరే చర్చ. కానీ ఆ జాబితా చేతిలో ఉన్నది డీకన్ దగ్గరే కనుక, అధికారి సరైన మనిషినే అడిగాడు. ఆరో శతాబ్దం చివర్లో పోపు గ్రెగోరి నెలనెలా పంచే సాయానికి పెద్ద పుస్తకమే రాయించాడు. పేర్లు, వయసులు, వృత్తులు, ఇచ్చే మొత్తాలతో ఉన్న ఆ పుస్తకం తన కాలందాకా రోమ్‌లోని లాటరన్ అనే పోపు భవనంలో భద్రంగా ఉందని తొమ్మిదో శతాబ్దపు రచయిత ఒకరు రాశారు.

సభ్యుల రిజిస్టరు చాలా ఆలస్యంగా వచ్చింది. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏడాదికొక్కసారైనా తన సొంత గురువు దగ్గర పాపసంకీర్తనం (కన్ఫెషన్) చేయాలని, ఈస్టరుకు దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకోవాలని ఆదేశించింది. సొంత గురువు ఎవరో తెలియాలంటే హద్దు తెలియాలి. 1563లో ట్రెంట్ మహాసభ మరో అడుగు ముందుకు వేసింది. విచారణలకు స్పష్టమైన హద్దుల్లేని నగరాల్లో జనాన్ని విభజించి ఒక్కో భాగానికి స్థిరమైన గురువును పెట్టమంది. పెళ్లి విచారణ గురువు ముందు, ఇద్దరు ముగ్గురు సాక్షుల ఎదుటే జరగాలని, దాన్ని పుస్తకంలో రాయాలని శాసించింది. 1614 నాటి రోమన్ ఆచార గ్రంథం ప్రకారం గురువు దగ్గర ఐదు పుస్తకాలు ఉండాలి: జ్ఞానస్నానాలు, భద్రమైన అభ్యంగనాలు (కన్ఫర్మేషన్లు), పెళ్లిళ్లు, చావులు, ఐదోది ఆత్మల స్థితి.

ఈ ఐదోదే ఆసక్తికరమైనది. దీనికోసం గురువు ఇంటింటికీ తిరగాలి. ఒక్కో ఇంటికి ఒక్కో పేరా. పేరు, ఇంటిపేరు, వయసు, ఇంటివాళ్లా పనివాళ్లా అద్దెకున్నవాళ్లా, అన్నీ రాయాలి. దివ్యసత్ప్రసాదానికి అర్హత వచ్చినవాళ్ల పేరు ఎదురుగా అంచులో "సి" అనే అక్షరం పెట్టాలి. ఈ ఆచార గ్రంథం రాకముందే రోమ్‌లో ఇలాంటి జాబితాలు రాసేవాళ్లు. చిత్రకారుడు కరవాజ్జో 1605లో ఏ సందులో, ఏ కుర్రాడితో కలిసి ఉండేవాడో కళాచరిత్రకారులకు తెలిసింది అలాంటి విచారణ జాబితా నుంచే. ఆయనగారి పేరు ఆ కాలపు పోలీసు కాగితాల్లో కూడా బాగానే కనిపిస్తుంది లెండి.

గురువు ప్రతి మెట్టూ ఎక్కి ప్రతి గదిలోకీ తొంగి చూడాల్సి రావడం వల్ల ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో కూడా ఆయనకు తెలిసేది. అంతవరకు మేలే. అయితే పుస్తకం అడిగే ప్రశ్న మారిపోయింది. పాత పట్టీ "వీళ్లకు ఏం కావాలి?" అని అడిగేది. కొత్త పుస్తకం "వీళ్లు చేయాల్సింది చేశారా?" అని అడుగుతుంది. నా దృష్టిలో ఇవాళ్టి గొడవకు వేరు ఇక్కడే ఉంది. ఇప్పుడు చర్చి ఆఫీసు బీరువాలో ఉన్నది రెండో పుస్తకం. దాన్ని పెట్టుకుని మొదటి పుస్తకం పని చేయించాలని చూస్తున్నాం.

మొదటి పుస్తకాన్ని మళ్లీ తెరిచినవాళ్లలో పునీత విన్సెంట్ డి పాల్‌ది పెద్ద పేరు. 1617 ఆగస్టులో ఆయన ఫ్రాన్సులోని షాతియోఁ అనే చిన్న పట్టణంలో విచారణ గురువు. ఒక ఆదివారం పూజకు తయారవుతుండగా, ఒక ఇంట్లో అందరూ జబ్బుపడి, చూసే దిక్కు లేకుండా ఉన్నారని కబురు వచ్చింది. ప్రసంగంలో ఆ మాట చెప్పాడు. మధ్యాహ్నానికి ఆ దారంతా తినుబండారాలు పట్టుకుని వెళ్లేవాళ్లే. ఆయన సంతోషించి ఊరుకోలేదు. ఇవాళ ఒక్కసారే ఇంత వస్తే సగం పాడైపోతుంది, రేపటికి మళ్లీ పస్తే కదా అని లెక్క వేశాడు. ఆ ఏడాదిలోనే విచారణ స్త్రీలతో సేవా సంఘం పెట్టి, వంతులు వేసి, నియమావళి రాశాడు.

సేవ గురించి ఆ తర్వాత వచ్చిన పెద్ద పెద్ద పత్రాలకంటే ఆ నియమావళే నాకు విలువైనదిగా అనిపిస్తుంది. రోగికి భోజనం ఎలా పెట్టాలో అందులో అంచెలంచెలుగా ఉంది. పలకరించాలి, మంచం మీద గుడ్డ పరవాలి, చేతులు కడగాలి, తినమని ఆప్యాయంగా బతిమాలాలి. ఇంకో సూచన ఉంది: ముందు తోడున్న రోగి దగ్గరికి వెళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్ల దగ్గరికి చివర్లో వెళ్లు, అక్కడ ఎక్కువసేపు ఉండొచ్చు. ఇంటింటికీ తిరిగి అలవాటున్న మనిషికే ఇలాంటిది తడుతుంది.

అదే ఏర్పాటు ప్యారిస్‌కు చేరేసరికి నగరపు జబ్బు పట్టుకుంది. గొప్పింటి ఆడవాళ్లు తాము వెళ్లకుండా పనివాళ్లతో గిన్నెలు పంపడం మొదలుపెట్టారు. అప్పుడు ముందుకొచ్చినవాళ్లు పల్లెటూరి అమ్మాయిలు. వాళ్లలో మొదటిది మార్గరెట్ నాసో. ప్లేగు సోకిన స్త్రీని తన పడక మీదే పడుకోబెట్టుకుని, తానూ ఆ జబ్బుతోనే 1633లో చనిపోయింది. ఆ ఏడాది నవంబరులో విన్సెంట్ సహచరి లూయీస్ డి మారియాక్ అలాంటి అమ్మాయిలను ఒక సమాజంగా చేర్చింది. కన్యస్త్రీలంటే గోడల మధ్యే ఉండాలన్న ఆ రోజుల్లో, వీళ్లకు విచారణ చర్చే ప్రార్థనాలయం, నగర వీధులే మఠం అని విన్సెంట్ రాసిపెట్టాడు.

రెండు శతాబ్దాల తర్వాత అదే నగరంలో మరో మలుపు. 1832 కలరా ప్యారిస్‌ను ఊడ్చేసింది. మరుసటేడు ఏప్రిల్‌లో ఫ్రెడెరిక్ ఓజానామ్ అనే 20 ఏళ్ల విద్యార్థి, కొందరు తోటి విద్యార్థులు, వాళ్లకు పెద్దదిక్కయిన పత్రికా సంపాదకుడు ఎమ్మాన్యుయేల్ బాయీ కలిసి విన్సెంట్ డి పాల్ సభకు నాంది పలికారు. మీ మతం ఇప్పుడు ఎవరికి ఏం చేస్తోందని ఎదుటివాళ్లు దెప్పిన మాట వాళ్లను కదిలించింది. ఉత్సాహం ఉంది గానీ, ఏ గుమ్మం తట్టాలో తెలియదు. మూఫ్‌తార్ పేటలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న సిస్టర్ రోజలీ రాండూ దగ్గరికి వెళితే, ఆమె కుటుంబాల పేర్లు రాసిచ్చింది, రొట్టె చీటీలు ఇచ్చింది. ఇక్కడ కూడా జాబితా ఉన్నది వీధిలో తిరిగే మనిషి దగ్గరే. ఈ సభ తర్వాత దేశదేశాల్లో విచారణకొక శాఖగా పాకింది. ఇంటికి స్వయంగా వెళ్లి చూడటమే దాని మూల సూత్రం.

ఈలోపు ఫ్యాక్టరీలు వచ్చి నగరం రూపమే మార్చేశాయి. కొత్త వాడల్లో ఒక్కో విచారణకు పదుల వేలమంది పోగయ్యారు. ఆత్మల స్థితి పుస్తకం అలాంటి చోట రాయడం సాధ్యమయ్యే పని కాదు. పైగా యూరపు, అమెరికా నగరాల్లో చాలా చర్చిలు బెంచీలకు అద్దె వసూలు చేసేవి. ముందు వరసలు డబ్బు కట్టినవాళ్లవి. వెనక నిలబడటానికి ఇష్టపడని కూలీ రావడం మానేశాడు. 1891లో పోపు 13వ లియో కూలీల వేతనం గురించి, సంఘం పెట్టుకునే హక్కు గురించి లేఖ రాసేనాటికి ఆ దూరం చాలా పెరిగిపోయింది. 1940ల్లో ఫ్రాన్సులో కొందరు గురువులు తామే కూలీలుగా ఫ్యాక్టరీల్లో చేరారు. 1954లో రోమ్, అంటే పోపు యంత్రాంగం, దాన్ని ఆపించింది, 1965లో మళ్లీ అనుమతించింది.

వలస వచ్చినవాళ్లది మరో దారి. అమెరికాలో జర్మన్లు 1780ల చివర్లో ఫిలడెల్ఫియాలో తమ భాష విచారణ పెట్టుకున్నారు. తర్వాత పోలిష్, ఇటాలియన్ విచారణలు వచ్చాయి. వీటిలో హద్దు వీధిని బట్టి కాదు, భాషను బట్టి. బడి, చీటీల సంఘం, చావు ఖర్చుల నిధి, అన్నీ ఆ చర్చి చుట్టూనే. కొత్తగా ఓడ దిగినవాడికి అంతకు మించిన ఆసరా లేదు. పక్క వీధిలోని పరభాషవాడు మాత్రం పరాయివాడే. 1917 శ్రీసభ చట్టం రోమ్ ప్రత్యేక అనుమతి లేకుండా ఇలాంటి కొత్త విచారణలు పెట్టవద్దంది.

పోను పోను సేవ ఒక వృత్తి అయింది. 1897లో జర్మనీలో లోరెంజ్ వెర్త్‌మన్ కారితాస్ అనే కతోలిక సేవా సంస్థను స్థాపించాక, అలాంటి సంస్థలు దేశదేశాల్లో పీఠాల (ఒక్కో బిషప్పు ఏలుబడి ప్రాంతాల) స్థాయిలో వచ్చాయి. శిక్షణ పొందిన ఉద్యోగులు, ఆడిట్ అయిన లెక్కలు, ప్రభుత్వ నిధులు. పని మెరుగైందనడంలో సందేహం లేదు. 2002 తర్వాత శ్రీసభలో బయటపడిన, పిల్లల మీద జరిగిన అకృత్యాలు చూశాక, పిల్లలతో పనిచేసే వాలంటీర్ల పూర్వాపరాలు ఆరా తీయడం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. కానీ దీనికి తోడు ఒక అలవాటు కూడా వచ్చింది. గుమ్మంలోకి వచ్చినవాడికి ఫోన్ నంబరు రాసిచ్చి పంపేయడం.

రెండో వాటికన్ మహాసభ (1962-65) తర్వాత చట్టం మళ్లీ పాత పట్టీ వైపు చూసింది. 1967లో పోపు ఆరో పౌలు శాశ్వత డీకన్ హోదాను పునరుద్ధరించాడు, పెళ్లయినవాళ్లకు కూడా. 1983 శ్రీసభ చట్టంలోని 518వ నిబంధన విచారణ సాధారణంగా ఒక ప్రాంతంలోని విశ్వాసులందరిదీ అంటుంది. 528వది విశ్వాసం లేనివాళ్లను కూడా గురువు బాధ్యతలో చేర్చింది. 529వది ఇంకా సూటిగా, కుటుంబాలను వెళ్లి చూడమని, పేదలను, బాధల్లో ఉన్నవాళ్లను, ఒంటరివాళ్లను, సొంత దేశం విడిచి వచ్చినవాళ్లను శ్రద్ధగా వెతుక్కుంటూ వెళ్లమని చెబుతుంది. 2005లో పోపు 16వ బెనెడిక్టు సేవను మతంలోకి లాగే సాధనంగా వాడకూడదని రాశాడు. 2015 సెప్టెంబరులో పోపు ఫ్రాన్సిస్ యూరపులోని ప్రతి విచారణా ఒక శరణార్థి కుటుంబానికి చోటివ్వాలని కోరాడు. రిజిస్టరులో లేనివాళ్ల గురించే ఆ పిలుపు.

మరి నగర విచారణల్లో ఆచరణ ఎందుకు వెనకబడింది? జనం ఇప్పుడు హద్దును బట్టి చర్చికి వెళ్లరు. నచ్చిన ప్రసంగం, అనుకూలమైన పూజ వేళ, బండి పెట్టుకునే చోటు చూసుకుని వెళతారు. ఆదివారం కానుక వేసేవాళ్లు ఒకచోట ఉంటారు, ఆ చర్చి హద్దులోని పేదలు ఇంకెవరో అవుతారు. ఇచ్చేవాళ్లకు ఆ వీధి తెలియదు. గురువుల కొరతతో రెండు మూడు విచారణలను కలిపేసిన చోట్ల గురువుకూ తెలియదు.

చట్టం కూడా అన్నిటినీ ఒకే తీరుగా బిగించలేదు. ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండి తీరాలని 537వ నిబంధన. సలహా మండలి మాత్రం పీఠాధిపతి తగునని తలిస్తేనే అని 536వది. పేదల పని చూసే బృందం ప్రతి విచారణలో ఉండాలన్న నిబంధన 1983 చట్టంలో లేదు. 2012 నవంబరులో 16వ బెనెడిక్టు జారీ చేసిన ఉత్తర్వు ఆ లోటును కొంత పూడ్చింది. ప్రతి విచారణలో కారితాస్ శాఖనో, అలాంటి మరో బృందాన్నో ఏర్పాటు చేసేలా పీఠాధిపతి ప్రోత్సహించాలని అందులో ఉంది. తప్పనిసరి అని మాత్రం లేదు.