షెవర్లే కారు కింద ఫోర్డ్ యాక్సిల్ ఎందుకు?

తిన్నటి కొద్ది దూరం ఎవరు ముందు దాటతారో చూసే అమెరికా డ్రాగ్ రేసుల్లో ఒక వింత మామూలైపోయింది. కారు షెవర్లేదో డాడ్జ్‌దో అయి ఉంటుంది, వెనక యాక్సిల్ (చక్రాలను తిప్పే గేర్లు, షాఫ్టులు ఉండే భాగం) మాత్రం ఫోర్డ్ 9 అంగుళాలది. ఇంజిన్ దగ్గర కంపెనీ పేరు కోసం కొట్టుకునేవాళ్లు కూడా ఇక్కడ కిక్కురుమనరు.

1951లో వాలీ పార్క్స్ ఈ రేసులను నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థను పెట్టేనాటికి టైర్లకు అంత పట్టు లేదు. ఇంజిన్ ఎంత బలంగా తోసినా టైరే జారిపోయేది, యాక్సిల్ బతికిపోయేది. నున్నటి స్లిక్ టైర్లు వచ్చి నేలను గట్టిగా పట్టుకోవడం మొదలుపెట్టాక ఆ దెబ్బంతా పళ్ల చక్రాల మీద, యాక్సిల్ షాఫ్టుల మీద పడింది.

అప్పటికి ఫోర్డ్ చేతిలో 1957 నుంచి వాడుతున్న 9 అంగుళాల యాక్సిల్ ఉంది. ఆ 9 అంగుళాలు క్రౌన్ వీల్ (లోపలి పెద్ద పళ్ల చక్రం) అడ్డుకొలత. మామూలు యాక్సిల్లో దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు వెనక వైపే రెండు బేరింగులు ఉంటాయి, కొన గాలిలో ఉంటుంది. లోడు ఎక్కువ పడితే పినియన్ పక్కకు నెట్టుకుపోయి పళ్లు విరగొచ్చు. ఫోర్డ్ ఆ కొన దగ్గర మూడో బేరింగ్ పెట్టింది. పైగా షాఫ్టులు లాగేస్తే గేర్ల సెట్టు మొత్తం ముందు నుంచి ఊడివస్తుంది. బల్ల మీద ఇంకో నిష్పత్తితో (చక్రం ఒక చుట్టుకు పినియన్ ఎన్ని చుట్లు తిరగాలనే లెక్క) సెట్టు సిద్ధంగా ఉంటే మార్చడం తేలిక. క్రైస్లర్ 8¾ అంగుళాల యాక్సిల్‌లోనూ ఈ సౌకర్యం ఉంది. కానీ ఫోర్డ్ 1986 దాకా తయారుచేసింది కాబట్టి పాత ఇనుము కొట్ల నిండా 9 అంగుళాలే దొరికేవి. నా లెక్కలో దాన్ని గెలిపించింది బలం కంటే ఈ చవకే.

బలమే కావాలంటే 1966 నుంచి క్రైస్లర్ తన నాలుగు గేర్ల హెమీ ఇంజిన్ కార్లకు వేసిన డానా 60 యాక్సిల్ ఉంది, 9¾ అంగుళాలది. కాకపోతే బరువెక్కువ. జీఎం 12 బోల్టుల యాక్సిల్‌లో షాఫ్టును లోపల పట్టి ఉంచేది ఒక చిన్న సీ క్లిప్. షాఫ్టు విరిగితే చక్రంతో సహా బయటికి వచ్చేస్తుంది. పావు మైలును 10.99 సెకన్లలో గానీ అంతకంటే వేగంగా గానీ దాటే కార్లకు గట్టి షాఫ్టులు, వాటిని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి అని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధన పెట్టింది ఇందుకే.

9 అంగుళాలకూ లోపముంది. పినియన్ బాగా కిందకి ఉండటంతో పళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కువగా రాసుకుని కొంత పవర్ వేడిగా పోతుంది. అయినా స్ట్రేంజ్, మోజర్ లాంటి కంపెనీలు అదే డిజైన్‌ను కొత్తగా చేసి అమ్ముతున్నాయి. ఫోర్డ్ షాఫ్టుకు 28 లేదా 31 స్ప్లైన్లు (షాఫ్టు కొసన గేరులో దిగే పళ్లు, షాఫ్టు లావైతే ఎక్కువ) ఉంటే వీళ్లు 35, 40 ఇస్తున్నారు. రేసు గేర్లకు వాడే 9310 ఉక్కు కాస్త మెత్తన. స్టార్టింగ్ కుదుపును ఓర్చుకుంటుంది గానీ రోడ్డు మీద తిప్పితే తొందరగా అరిగిపోతుంది.

నిష్పత్తి సంగతికొస్తే, పెద్ద నంబరు వేస్తే వేగం పెరుగుతుందనేది భ్రమ. 28 అంగుళాల టైరుతో ముగింపు గీత దగ్గర గంటకు 120 మైళ్ల వేగం అందుకునే కారుకు, టాప్ గేరు 1:1 అనుకుంటే, 4.10 గేరుతో ఇంజిన్ దాదాపు 5,900 ఆర్‌పీఎం తిరుగుతుంది, 4.56తో 6,570. మీ ఇంజిన్ 6,000 దగ్గరే ఆయాసపడితే 4.56 దండగ. డ్రాగ్ రేసుల్లో అన్నిటికంటే వేగమైన తరగతి టాప్ ఫ్యూయల్ వాళ్లకు ఈ టెన్షన్ లేదు, వాళ్లకు నిబంధనే 3.20 దగ్గర కట్టేసింది.