గుడ్డు మీద అపోహలు - వాస్తవాలు: ముందు ఆ ఇంజక్షన్ గోల తేల్చేద్దాం

తణుకు చుట్టుపక్కల లేయర్ షెడ్లు, అంటే గుడ్లు పెట్టే కోళ్ళ షెడ్లు చూసే వెటర్నరీ డాక్టర్ని. పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా జనం నన్నడిగేది ఒకటే, "ఏవండీ, హార్మోన్ ఇంజక్షన్ చేసి రోజుకి రెండు మూడు గుడ్లు పెట్టిస్తారంట కదా?"

అయ్యా, కోడి కడుపులో గుడ్డు తయారై బయటికి రావడానికే దాదాపు 25 గంటలు, అందులో పెంకు కట్టడానికే 20 గంటలు. ఇక రోజుకి రెండెక్కడ? పైగా 50 వేల కోళ్ళ షెడ్డులో ఒక్కోదాన్నీ పట్టుకుని సూది వేసేదెవరు, ఆ కూలెవరిస్తారు, అలా బెదిరిస్తే వచ్చే గుడ్లు కూడా తగ్గిపోతాయి. సూదులు వేసేది వ్యాక్సిన్లకి, కొక్కెర తెగులు లాంటివి రాకుండా, అదీ ఎక్కువగా గుడ్లకి రాకముందే. ఏడాదికి 300 గుడ్లు వస్తున్నాయంటే జాతి, దాణా, రోజుకి 16 గంటల వెలుతురు, అంతే. యాంటీబయోటిక్స్ గురించి అడగండి, అది అడగాల్సిన ప్రశ్న. జబ్బు చేస్తే వాడతాం, మందుని బట్టి కొన్నాళ్ళు ఆ గుడ్లు అమ్మకూడదు, అందరూ పాటిస్తారని మాత్రం నేను అనను.

మా చుట్టాలమ్మాయి ఒకతి "పాప తొందరగా పెద్దమనిషి అయిపోద్దంట అన్నయ్యా, స్కూల్లో ఇచ్చే గుడ్డు తినొద్దని చెప్పా" అంది. పాప చూస్తే పుల్లలా ఉంది. కోప్పడాలనిపించలేదు, తల్లి భయం తల్లిది. షెడ్డుకి తీసుకెళ్తే అంతా తిరిగి చూసి "మరి పుంజేది?" అంది. ఉండదమ్మా, పుంజు లేకుండానే పెడతాయి, అందుకే ఆ గుడ్డులో పిల్ల ఉండదు అంటే నోరెళ్ళబెట్టింది. పాప ఇప్పుడు తింటోంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) మనిషికి ఏడాదికి 180 గుడ్లు తినమంటే 2023-24లో దేశం మొత్తం లెక్కేస్తే తలకి 103. మార్కెట్ పెరగాల్సింది అక్కడ. 1982లో బి.వి.రావు గారు కోళ్ళ రైతుల్ని కూడగట్టి నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) పెట్టింది దళారుల చేతిలోంచి రేటు లాక్కోడానికి, మరి వాట్సాప్ పుకారుని ఎవరు ఆపుతారు? 2020లో కరోనా పేరు చెప్పి రేటు పడగొట్టారు. పుకారొచ్చిందని కోడి గుడ్డు పెట్టడం మానదు కదా, రోజూ దాణా పడాల్సిందే.

మిగతావి గబగబా. బ్రౌన్ గుడ్డుకి బలం ఎక్కువేం కాదు, అది కోడి జాతిని బట్టి వచ్చే రంగు. పచ్చసొన రంగు దాణాని బట్టి. ప్లాస్టిక్ గుడ్డు అనేదే లేదు, చేసేదానికి అసలు గుడ్డు కన్నా ఖర్చు ఎక్కువవుద్ది. బర్డ్ ఫ్లూ 2025 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే వచ్చింది, అప్పుడు కూడా బాగా ఉడికించిన గుడ్డుతో భయం లేదు, 70 డిగ్రీల వేడికే వైరస్ చస్తుంది. హాఫ్ బాయిల్ మాత్రం ఆ రోజుల్లో వద్దు.