పాత మెట్లపై పెరిగే అంగుళం

ముప్పై, నలభై ఏళ్ల క్రితం కట్టిన డాబా ఇళ్లలో మెట్లకు సాధారణంగా తాండూరు బండలు గానీ నున్నటి సిమెంటు గచ్చు గానీ ఉంటాయి. అవి వన్నె తగ్గాక, పగలగొట్టే శ్రమ లేకుండా వాటిమీదే కొత్త టైల్స్ అతికించుకుందామని చాలామంది సొంతంగా పనికి దిగుతారు. ఈ సులువైన మార్గమే మెట్ల లెక్కను చెడగొడుతుంది.

ఒక్కో మెట్టు ఎత్తు 17 సెంటీమీటర్లు అనుకుందాం. టైలు మందం, దాని కింద పరిచే సిమెంటు కలిపి రెండున్నర సెంటీమీటర్లు, అంటే సుమారు ఒక అంగుళం పెరుగుతుంది. అన్ని మెట్లూ సమానంగానే పెరుగుతాయి కాబట్టి మధ్యలో తేడా రాదు. కానీ కింది గది నేల, పై అంతస్తు నేల ఎక్కడివక్కడే ఉంటాయి. అందువల్ల మొదటి మెట్టు ఎత్తు 19.5 సెంటీమీటర్లకు పెరిగి, చివరిది 14.5కు తగ్గిపోతుంది. నివాస గృహాల్లో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించరాదని మన జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. ఒక్క టైల్స్ పనితో మొదటి మెట్టు ఆ హద్దు దాటేసింది.

ఈ తేడా కంటికి ఆనదు గానీ కాలికి తెలుస్తుంది. మొదటి రెండు మూడు అడుగులు వేశాక మనం మెట్ల వంక పెద్దగా చూడము. ఎంత ఎత్తాలో శరీరం అంచనా వేసుకుని, మెట్టు అంచును దాటడానికి సరిపడినంత మేరకే పాదాన్ని లేపుతుంది. దిగేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ: నేల తగలాల్సిన క్షణంలో తగలకపోతే ఒంటి బరువంతా ముందుకు తూలుతుంది. 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్స్వా బ్లాండెల్, రెండు మెట్ల ఎత్తుకు ఒక మెట్టుపై పాదం మోపే చోటు వెడల్పు కలిపితే మనిషి వేసే అడుగుకు సమానం కావాలని సూత్రీకరించాడు. నేటి లెక్కలో అది 60 నుంచి 64 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఎత్తు 17, వెడల్పు 28 ఉన్న పాత మెట్టుకు ఆ మొత్తం సరిగ్గా 62. అలాంటి మెట్ల కొలతను చెడగొట్టుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

టైల్స్ తప్పనిసరి అనుకుంటే పాత బండలను ఊడదీసి అదే మందంలో వేయించాలి, లేదా రెండు అంతస్తుల నేలలనూ అంతే ఎత్తు పెంచాలి. అరిగి నున్నబడిన రాయి నీటిని అంతగా పీల్చుకోదు కనుక, ఉలితో గాట్లు పెట్టకుండా దానిపై పరిచిన సిమెంటు గట్టిగా పట్టదు. కొన్నాళ్లకు నాణెంతో తడితే డొల్ల శబ్దం వినిపిస్తుంది.

అంతకన్నా మేలైన దారి పాత రాయినే మెరుగుపెట్టుకోవడం. తాండూరు బండ సున్నపురాయి జాతికి చెందినది. మరకలు పోతాయని స్నానాల గది యాసిడ్ పోస్తే, రాతిలోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లంతో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పైకి వస్తుంది. ఆ నురగ తగ్గాక చూస్తే మరకతో పాటు రాతి పైపొర కూడా పోయి, ఆ చోటు తెల్లగా, గరుకుగా మిగులుతుంది. సబ్బునీళ్లతో కడిగి పాలిష్ మిషన్ పట్టించడమే మంచిది. నిలువు ముఖాలకు మాత్రం నచ్చిన రంగు వేసుకోవచ్చు. రంగు పొర మందం మిల్లీమీటరుకు ఎంతో తక్కువ కాబట్టి కొలత మారదు, పైగా ఎక్కేటప్పుడు ప్రతి మెట్టూ విడిగా కనిపిస్తుంది.

మెట్ల అడుగుభాగంలో పెచ్చులు ఊడుతుంటే మాత్రం రంగు సంగతి తరువాత. లోపలి ఇనుప చువ్వ తుప్పు పడితే ఆ తుప్పు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును చీలుస్తుంది. దాన్ని ఇంజనీరుకు చూపించాలి.

ఇక రెయిలింగ్ మీది పాత రంగును గీకే సంగతి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం మన దేశంలో 2016లో వచ్చి, మరుసటి ఏడాది నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కనుక, వాటిని పొడిగా గీకకూడదు. తడిపి గీకి, మాస్కు పెట్టుకుని, పిల్లలను, గర్భిణులను ఆ దరిదాపులకు రానివ్వకుండా, రాలిన పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచెయ్యాలి.