రాకెట్ విఫలమైతే ఉపగ్రహం పోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రయోగం తేడా కొట్టిన ప్రతిసారీ ఇవే మాటలు: "పోయింది, ఇక చేసేదేం లేదు." బయటివాళ్లు అంటే పట్టించుకోనక్కర్లేదు. ఉపగ్రహం తయారుచేసిన జట్టే ఆ మాట నమ్మి గ్రౌండ్ స్టేషన్ దగ్గర్నుంచి లేచిపోతుంది, నష్టం అక్కడ జరుగుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

అపోహ: కక్ష్య తప్పితే ఉపగ్రహం దక్కదు.

వాస్తవం: ఎలా తప్పిందన్న దాన్నిబట్టి ఉంటుంది. 2017 ఆగస్టు 31న పీఎస్‌ఎల్‌వీ-సీ39 హీట్‌షీల్డ్ (ఉపగ్రహాన్ని కప్పే తొడుగు) ఊడలేదు, ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1హెచ్ ఉపగ్రహం దాని లోపలే చిక్కుకుపోయింది. దానికి ఎవరూ ఏమీ చేయలేరు. వేగం చాలక తక్కువ ఎత్తులో వదిలేస్తే కథ వేరు. 1997 సెప్టెంబరు 29న నాలుగో దశలో హీలియం లీకై, పీఎస్‌ఎల్‌వీ-సీ1 ఐఆర్‌ఎస్-1డీ ఉపగ్రహాన్ని 817 కి.మీ. వృత్తాకార కక్ష్యకు బదులు 301 × 823 కి.మీ. కక్ష్యలో వదిలింది. ఆ ఉపగ్రహం సొంత థ్రస్టర్లతో (చిన్న ఇంజిన్లతో) పెరిజీ, అంటే కక్ష్యలో భూమికి అతి దగ్గరి బిందువు ఎత్తు, పెంచుకుని పన్నెండేళ్లకు పైగా పనిచేసింది.

కాబట్టి మొదట అడగాల్సింది పెరిజీ ఎంత అని. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డీ1 వదిలిన కక్ష్య 356 × 76 కి.మీ. 76 కి.మీ. దగ్గర గాలి ఒక్క చుట్టు కూడా పూర్తికానివ్వదు, ఆశ వదులుకోవాల్సిందే. 150 దగ్గరుంటే చేతిలో ఉన్నది గంటలు, మహా అయితే కొద్ది రోజులు. 300 దాటితే ఊపిరి తీసుకుని లెక్కలు వేసుకునేంత సమయం ఉంటుంది. అపోజీ (కక్ష్యలో భూమికి అతి దూరపు బిందువు ఎత్తు) ఎంత, ఉపగ్రహం బరువెంత, గాలికి అడ్డుపడే వైశాల్యమెంత అన్నదాన్నిబట్టి ఇవి మారతాయి.

ఇంధనం లెక్క కాగితం మీద రెండు నిమిషాల పని. భూమికి దగ్గరి కక్ష్యల్లో పెరిజీని ఒక కి.మీ. పెంచడానికి సెకనుకు సుమారు 0.28 మీటర్ల వేగం కావాలి. అంటే 100 కి.మీ.కి సెకనుకు 28 మీటర్లు. 100 కిలోల ఉపగ్రహానికి హైడ్రజీన్ థ్రస్టర్లతో ఇది దాదాపు 1.3 కిలోల ఇంధనం. మండించాల్సింది అపోజీ దగ్గర. థ్రస్టర్ బలహీనమైతే ఒక్కసారిగా కాదు, చాలా చుట్లలో కొంచెం కొంచెంగా. ఒక్కో చుట్టులో గాలి లాగేసేదానికంటే థ్రస్టర్ ఇచ్చేది ఎక్కువుందో లేదో చూసుకోకపోతే ఇంధనం వృథా.

ఇదంతా సిగ్నల్ దొరికాక. "సిగ్నల్ రాలేదు కాబట్టి చచ్చిపోయింది" అనుకోవడమే అసలు పొరపాటు. 817 కి.మీ. వృత్తాకార కక్ష్యకు చుట్టు సమయం సుమారు 101 నిమిషాలు. 301 × 823కి 96. చుట్టుకి ఐదు నిమిషాల చొప్పున ఉపగ్రహం ముందే వచ్చేస్తుంది. నాలుగో చుట్టుకల్లా 20 నిమిషాల తేడా. ఒక పాస్ (ఉపగ్రహం స్టేషన్ మీదుగా కనిపిస్తూ వెళ్లే సమయం) ఉండేదే పది పన్నెండు నిమిషాలు! పాత కక్ష్య లెక్కలతో యాంటెన్నా తిప్పితే ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నట్టే. పైగా ఎస్-బ్యాండ్‌ రేడియో తరంగాల్లో 10 మీటర్ల డిష్ చూపు వెడల్పు ఒక డిగ్రీ మాత్రమే.

చేయాల్సింది ఇది. రాకెట్ జట్టు నుంచి ఉపగ్రహం విడిపోయిన క్షణంలోని స్థానం, వేగం తీసుకోండి. దాంతో కొత్త కక్ష్య కట్టి పాస్ సమయాలు మళ్లీ వేయండి. అది అందేలోపు చిన్న, వెడల్పు చూపున్న యాంటెన్నాతో అనుకున్న సమయానికి అరగంట ముందు నుంచే వినండి. ఉపగ్రహం వేగం వల్ల సిగ్నల్ పౌనఃపున్యం మారుతుంది (డాప్లర్), కాబట్టి రిసీవర్‌ను ఎస్-బ్యాండ్‌లో అటూ ఇటూ 50 కిలోహెర్ట్జ్, తక్కువ పౌనఃపున్యపు యూహెచ్‌ఎఫ్‌లో 10 కిలోహెర్ట్జ్ దాకా వెతకనివ్వండి. జవాబు రాకపోయినా కమాండ్లు పంపుతూనే ఉండండి, ఉపగ్రహం వింటూ ఉండొచ్చు. దొరికిన వెంటనే పేలోడ్ (కెమెరాల్లాంటి అసలు పరికరాలు) జోలికి పోకండి. బ్యాటరీ వోల్టేజీ, సూర్యుడి వైపు తిరిగిందా లేదా, ట్యాంకు పీడనం, ఈ మూడే చూడండి. పనికిరాని హీటర్లు ఆపేయండి. మొదటి రోజే సోలార్ ప్యానెల్ శక్తి చాలక బ్యాటరీ అడుగంటితే ఉపగ్రహాన్ని మళ్లీ లేపడం చాలా కష్టం.

అపోహ: బీమా ఉంది కదా, డబ్బు మొత్తం వచ్చేస్తుంది.

వాస్తవం: ఏ బీమా? థర్డ్ పార్టీ పాలసీ ఇతరులకు కలిగే నష్టానికి, మీ ఉపగ్రహానికి కాదు. ప్రయోగ బీమా సాధారణంగా ఉద్దేశపూర్వక ఇగ్నిషన్‌తో (ప్రయోగం కోసం ఇంజిన్‌ను మండించడంతో) మొదలవుతుంది, అంతకు ముందు జరిగేది వేరే పాలసీ. కక్ష్య తప్పినా ఉపగ్రహం కొంత పనికొస్తే అది పాక్షిక నష్టం. ఎంత శాతమో పాలసీలోని సూత్రం తేలుస్తుంది, మీరెంత బాధపడ్డారన్నది కాదు. అందుకే ముడి టెలిమెట్రీ (రాకెట్, ఉపగ్రహం నుంచి వచ్చే కొలతల సమాచారం) ఒక్క ఫైలు కూడా చెరపకండి, క్లెయిమ్‌కి అదే సాక్ష్యం. పూర్తి నష్టం చెల్లించాక ఉపగ్రహం సాధారణంగా బీమా సంస్థలదవుతుంది. 1997 డిసెంబరులో రష్యా రాకెట్ ప్రోటాన్ పై దశ విఫలమై తప్పు కక్ష్యలో చిక్కుకున్న ఏషియాశాట్-3 ఉపగ్రహం అలాగే చేతులు మారింది. 1998లో చంద్రుడి చుట్టూ రెండుసార్లు తిప్పి దాన్ని భూస్థిర ఎత్తుకు తెచ్చారు.

అపోహ: వీడియో చూస్తే కారణం తెలిసిపోతుంది.

తెలియదు. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 క్రయోజెనిక్ (అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే) దశ ఎందుకు మండలేదో ఏ వీడియోలోనూ కనిపించదు. ట్యాంకులో అధిక పీడనాన్ని వదిలే ఒక వెంట్ అండ్ రిలీఫ్ వాల్వ్ లీకై, ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో పీడనం మండాల్సిన వేళకు తగ్గిపోయింది. పట్టించింది టెలిమెట్రీలోని పీడనం గీత. కుట్ర అనేవాళ్లకి 2013 జులై 2 ప్రోటాన్ సంగతి చాలు: రాకెట్ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే కోణీయ వేగ సెన్సర్లు తలకిందులుగా బిగించారు, అంతే. అలాగే, రేంజ్ సేఫ్టీ (ప్రయోగ కేంద్రంలోని భద్రతా విభాగం) పేల్చేయడం వల్లే రాకెట్ పోయిందనడం కూడా తప్పు. సాధారణంగా అప్పటికే అదుపు తప్పితేనే ఆ కమాండ్ ఇస్తారు.

తీరంలో ఉండేవాళ్ల భయం అర్థమవుతుంది. శకలాలు పడే ప్రాంతాన్ని ముందే లెక్కగట్టి, పడవలకీ విమానాలకీ హెచ్చరిక ఇస్తారు. అయినా తర్వాతెప్పుడో ఒడ్డుకు కొట్టుకొచ్చే ముక్కలుంటాయి. ముట్టుకోకండి, ఇంటికి మోసుకెళ్లకండి. గుండ్రటి ట్యాంకుల్లో ఇంకా ఒత్తిడి ఉండొచ్చు. ఎర్రటి గోధుమరంగు పొగ గానీ, చేపల కంపు లాంటి వాసన గానీ వస్తే గాలి ఏ వైపు నుంచి వీస్తుందో చూసి ఆ వైపుకే దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి.