సెట్టింగ్ సేవ్ కావట్లేదా? ఫైల్ పర్మిషన్లపై అపోహలు - వాస్తవాలు

థీమో, ప్రింటరో, ఫోల్డర్ చిరునామాయో (పాత్) మారుస్తారు. ఓకే కొడితే ఏ ఎర్రరూ రాదు. మూసి తెరిస్తే మళ్లీ పాతదే. బెంగళూరులో మనవాళ్లలో చాలామందికి ఆఫీసు లాప్‌టాప్ ఒకటి, ఇంట్లో సొంతది ఒకటి ఉంటాయి. రెండింటిలోనూ లక్షణం ఇదే, జబ్బులు మాత్రం వేరు. రోగం తేలకుండా మందు వేయడం వల్లే సగం కేసులు ముదురుతున్నాయి.

అపోహ: నాది అడ్మిన్ అకౌంట్, నాకు పర్మిషన్ సమస్య ఎందుకొస్తుంది?

విండోస్ విస్టాతో యూజర్ అకౌంట్ కంట్రోల్ వచ్చినప్పటి నుంచి, అడ్మిన్‌గా లాగిన్ అయినా మీరు తెరిచే ప్రోగ్రామ్ మామూలు యూజర్ హక్కులతోనే నడుస్తుంది. స్క్రీన్ మసకబారి అడిగినప్పుడు యెస్ కొడితేనే పూర్తి హక్కులు వస్తాయి. సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే తన సెట్టింగుల ఫైలు పెట్టుకునే పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఇక్కడే చిక్కుకుంటాయి.

తమాషా ఏమిటంటే, పాత 32 బిట్ ప్రోగ్రామ్ అయితే విండోస్ దాన్ని అడ్డుకోదు. అది రాసినదాన్ని గుట్టుగా మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. అదే ప్రోగ్రామ్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిస్తే ఈ మళ్లింపు ఉండదు, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని అసలు ఫైలునే చదువుతుంది. ఒకరోజు మామూలుగా, ఒకరోజు అడ్మిన్‌గా తెరిచేవాళ్లు తెలియకుండానే రెండు వేర్వేరు ఫైళ్లలో రాస్తుంటారు. ముందు వర్చువల్‌స్టోర్‌లో చూడండి. అక్కడ ఫైలు కనిపిస్తే ప్రోగ్రామ్ మూసి, ఏది తాజాదో తేల్చుకుని, దాన్ని అసలు చోటికి కాపీ చేసి, వర్చువల్‌స్టోర్‌లోనిది తీసేయండి. తర్వాత ఆ ఒక్క ప్రోగ్రామ్ ఫోల్డర్ మీద యూజర్స్ గ్రూపుకు మాడిఫై హక్కు ఇస్తే చాలు. లేదా ప్రోగ్రామ్‌ను తీసేసి, ప్రోగ్రామ్ ఫైల్స్ బయట వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేయండి.

అపోహ: ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ టిక్ తీసేస్తే సరి.

తీస్తారు, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఫోల్డర్ విషయంలో ఆ గుర్తు రాయడాన్ని ఆపదు, దాని జోలికి పోకండి. విడి ఫైలుకైతే మాత్రం అది నిజంగానే అడ్డు. ఫోల్డర్ సంగతి తేలేది పక్కనే ఉన్న సెక్యూరిటీ ట్యాబ్‌లో.

అపోహ: ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్, లినక్స్‌లో 777 కొడితే గొడవే ఉండదు.

777 అంటే చదివే, రాసే, నడిపే హక్కులన్నీ అందరికీ ఇచ్చేయడం. గొడవ అప్పుడే మొదలవుతుంది. లినక్స్‌లో హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777 ఇచ్చాక ఎస్ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) ఆడించి చూడండి: ప్రైవేట్ కీ అందరికీ కనిపిస్తోందని దాన్ని వాడటానికే ఒప్పుకోదు. ఆ కీ ఫైలుకు 600 (మీకు మాత్రమే చదివే, రాసే హక్కు), అది ఉన్న ఫోల్డర్‌కు 700 (మీకు మాత్రమే అన్ని హక్కులు) ఉండాలి. రూట్ (లినక్స్‌లో సర్వహక్కులున్న యూజర్) హక్కులతో కమాండ్ నడిపించేది సుడో, దాన్ని ఎవరు వాడొచ్చో రాసి ఉండేది సుడోయర్స్ ఫైలు. ఆ ఫైలును ఎవరైనా రాయగలిగేలా వదిలేస్తే సుడో కూడా మొరాయిస్తుంది. అప్పుడు దాన్ని సరిచేయడానికి కావాల్సిన సుడోనే మీ చేతిలో ఉండదు, రికవరీ మోడ్‌కు వెళ్లాల్సి రావచ్చు.

అసలు లినక్స్‌లో ఎక్కువసార్లు తప్పేది మోడ్ (ఈ 777, 600 లాంటి అంకెలు) కాదు, ఓనరు. ఎప్పుడో ఎడిటర్‌ను సుడోతో తెరిచి ఉంటారు, లేదా డాకర్ కంటైనర్ (ప్రోగ్రామ్‌ను విడి డబ్బాలో నడిపే ఏర్పాటు) మీ ఫోల్డర్‌లో ఏదో రాసి ఉంటుంది. ఎల్ఎస్ -ఎల్ (ls -l) కొడితే మీ పేరు ఉండాల్సిన చోట రూట్ రూట్ అని కనిపిస్తుంది. ఫైండ్ కమాండ్‌తో హోమ్‌లో యూజర్ రూట్‌గా ఉన్నవన్నీ వెతికించండి. వచ్చిన జాబితా ఒకసారి చదివి, అవి మీవేనని తేలాకే ఓనర్‌ను మార్చే చౌన్ (chown) కమాండ్‌తో మీ పేరుకు మార్చండి. ఇకమీదట సిస్టమ్ ఫైళ్లు మార్చాలంటే సుడోఎడిట్ వాడండి. ఎడిటర్ మీ హక్కులతోనే నడుస్తుంది, చివర్లో ఫైలు మాత్రం రూట్ హక్కుతో వెళ్లి కూర్చుంటుంది.

అపోహ: ఫైలు మీద రైట్ పర్మిషన్ ఉంది, కాబట్టి సేవ్ అయి తీరాలి.

అనుభవం ఉన్నవాళ్లు కూడా బోల్తాపడేది ఇక్కడే. చాలా ప్రోగ్రాములు పాత ఫైలులో నేరుగా రాయవు. మధ్యలో కరెంటు పోతే ఉన్నదీ పోతుందన్న భయంతో అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలు ఒకటి సృష్టించి, అందులో అంతా రాసి, చివర్లో దాని పేరు మార్చి పాతదాని స్థానంలో పెడతాయి. దీనికి కావాల్సింది ఫోల్డర్‌లో కొత్త ఫైలు సృష్టించే హక్కు. ఫైలుకు 644 (మీరు రాయగలరు, మిగతావాళ్లు చదవగలరు), ఓనర్ మీరే, అంతా సక్రమంగా ఉన్నా ఫోల్డర్ రూట్‌దైతే సేవ్ కాదు. దీనికి తిరగేసిన కేసూ ఉంది: లినక్స్‌లో ఫోల్డర్ మీదైతే, మీరు రీడ్-ఓన్లీ చేసి "తాళం వేసిన" కాన్ఫిగ్ ఫైలును కూడా ప్రోగ్రామ్ నిక్షేపంగా మార్చేస్తుంది. నిజంగా కదలకూడదంటే చాటర్ (chattr) కమాండ్‌తో ప్లస్ ఐ (+i) పెట్టాలి. అలా పెట్టి మరిచిపోతే తర్వాత రూట్‌గా కూడా సేవ్ కాదు, అది ఎల్ఎస్ఏటర్ (lsattr) కమాండ్‌లోనే బయటపడుతుంది.

అపోహ: పాత డిస్క్ తగిలిస్తే నా ఫైళ్లు నావే.

బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌లో ఎన్‌క్లోజర్ (విడి డిస్క్‌ను యూఎస్‌బీతో తగిలించే పెట్టె) కొని పాత లాప్‌టాప్ డిస్క్‌ను కొత్తదానికి తగిలించారనుకోండి. మీ యూజర్ పేరు అదే అయినా విండోస్‌కు ముఖ్యం పేరు కాదు, ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి గుర్తింపు సంఖ్య. ఆ పాత సంఖ్య కొత్త మెషీన్‌కు తెలియదు. ఎక్స్‌ప్లోరర్‌తో కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ పర్మిషన్లే వస్తాయి, సమస్య లేదు. విండోస్‌లోని కాపీ కమాండ్ రోబోకాపీలో కాపీఆల్ (/COPYALL) వాడితే పాత పర్మిషన్లూ వెంటే వస్తాయి. మార్గం: సెక్యూరిటీ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్, ఓనర్ పక్కన చేంజ్, మీ పేరు, కింద సబ్‌ఫోల్డర్లకూ వర్తించే టిక్. తర్వాత అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫోల్డర్ మీద పర్మిషన్లు మార్చే ఐకాకిల్స్ (icacls) కమాండ్‌ను రీసెట్, టీ, సీ స్విచ్‌లతో (/reset /T /C) నడపండి. ఓనర్ మార్చడమొక్కటే చాలదు. విండోస్ ఫోల్డర్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

అపోహ: సేవ్ కాకపోతే అది పర్మిషనే.

ఎర్రర్ నంబరు అడగండి. విండోస్‌లో 5 అంటే యాక్సెస్ డినైడ్, 32 అంటే ఫైలును ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉంది. లినక్స్‌లో 13 పర్మిషన్, 28 డిస్క్ నిండింది, 30 ఫైల్‌సిస్టమే రీడ్-ఓన్లీగా ఉంది. 30 వస్తే చౌన్ పనికిరాదు. డిస్క్ లోపం ఉందేమో ముందు చూడాలి. డాక్యుమెంట్స్‌లో మాత్రమే ఫైళ్లు సేవ్ కాకపోతే విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఆఫ్ చేయనక్కర్లేదు, ఆ యాప్‌ను అనుమతి జాబితాలో చేర్చండి.

ఎర్రరే రాకపోతే విండోస్‌లో ప్రాసెస్ మానిటర్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును తాకుతోందో చూపే మైక్రోసాఫ్ట్ టూల్) నడపండి. ఫిల్టర్‌లో ప్రాసెస్ పేరు ఇచ్చి, రిజల్ట్ యాక్సెస్ డినైడ్ అని చేర్చి, సేవ్ కొట్టి, వెంటనే కంట్రోల్-ఈతో ఆపండి. కనిపించిన ప్రతి డినైడ్ తప్పు కాదు. కొన్ని ప్రోగ్రాములు ముందు పూర్తి హక్కు అడిగి, కాదంటే చదివే హక్కుతో సర్దుకుంటాయి. సేవ్ కొట్టిన క్షణంలో సెట్టింగుల ఫైలు పాత్‌తో వచ్చిన వరుసే మీకు కావాల్సింది.

అపోహ: ఆఫీసు లాప్‌టాప్‌లోనూ ఇదే వైద్యం.

గంటో గంటన్నరో పనిచేసి సెట్టింగ్ మళ్లీ వెనక్కి పోతోందంటే గ్రూప్ పాలసీని (కంపెనీ తన మెషీన్లన్నిటికీ కేంద్రం నుంచి విధించే సెట్టింగులు) అనుమానించండి. అది మామూలుగా 90 నిమిషాలకోసారి, దానికి గరిష్ఠంగా 30 నిమిషాల వరకు అదనంగా కలిపి, రిఫ్రెష్ అవుతుంది. క్రోమ్‌లో అడ్రస్ బార్‌లో క్రోమ్ పాలసీ పేజీ (chrome://policy) తెరిస్తే ఏయే సెట్టింగులు కంపెనీ చేతిలో ఉన్నాయో వరుసగా కనిపిస్తాయి. అందులో ఉన్నదాన్ని మీరు ఏ పర్మిషన్ మార్చినా కదల్చలేరు. ఐటీ డెస్క్‌కు టికెట్ పెట్టేటప్పుడు "సేవ్ కావట్లేదు" అని రాసి వదిలేయకుండా ఆ పాలసీ పేరు, సెట్టింగ్ వెనక్కి పోయిన సమయం రాయండి.