48 గేములాడినా తెగని పంచాయితీ

మొన్నొక ఆదివారం కడపలో పిల్లల చెస్ టోర్నమెంటు జరిగింది. ఏడు రౌండ్లు అయ్యేసరికి ఇద్దరు పిల్లలు చెరి ఆరున్నర పాయింట్లతో నిలిచారు. ఒకరితో ఒకరు ఆడిన గేము డ్రా, మిగతా ఆరూ ఇద్దరూ గెలిచినవే. కప్పు మాత్రం ఒక్కటే. గోడకు అంటించిన కాగితంలో మా వీధి పిల్లోడి పేరు రెండో వరసలో ఉంది. వాళ్ల నాయన నేరుగా తీర్పు చెప్పే ఆర్బిటర్ దగ్గరికి పోయాడు.

"ఇద్దరికీ ఆరున్నరే గదా సార్, మావోడు రెండోవాడెట్లయినాడు?"

"బుకోల్జ్ అండీ" అన్నాడాయన తలెత్తకుండానే. అంటే, మనవాడు ఎవరెవరితో ఆడాడో వాళ్లందరికీ వచ్చిన పాయింట్లు కూడుతారు. ఆ మొత్తం ఎక్కువున్నవాడు ముందు.

"మావోనికి ఎదురుగా ఎవర్ని కూర్చోబెట్టాల్నో చూసింది మీరే గదా?"

"నేను కాదు సార్, కంప్యూటర్."

తండ్రికి కోపం తగ్గలేదు. ఆయనకు తెలియని సంగతేమంటే, ఈ గొడవకు నూటపాతికేళ్ల పైబడిన చరిత్ర ఉంది. ప్రపంచ చాంపియన్లే దీని దగ్గర కొట్టుకున్నారు.

మూలం డ్రాలో ఉంది. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే చదరంగం తెగదంటారు. మరి ఒకణ్ని చాంపియన్ అనాలంటే ఏం చేయాలి? ఇన్ని గేములని లెక్క పెట్టుకోవచ్చు. లేదా ఇన్ని గెలుపులు వచ్చేదాకా ఆడమనవచ్చు. మొదటిదాంట్లో ఒక్క గేము గెలిచినవాడు మిగతావన్నీ డ్రాలు చేసుకుంటూ గట్టెక్కుతాడు. రెండోదాంట్లో ఆట ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు.

1886లో ప్రపంచ కిరీటం కోసం స్టీనిట్జ్, జుకర్‌టోర్ట్ పది గెలుపుల పందెం వేసుకున్నారు. 9-9 వస్తే మ్యాచ్ సమానమని ముందే రాసుకున్నారు. స్టీనిట్జ్ 10-5తో గెలిచాడు కాబట్టి ఆ షరతు అవసరం పడలేదు. 1910లో లాస్కర్, ష్లెక్టర్ పది గేములే ఆడారు. చివరి గేముకు ముందు ష్లెక్టర్ ఒక పాయింటు ముందున్నాడు. డ్రా చేసుకుంటే సరిపోయేది. గెలుపు కోసం పోయి ఓడాడు. 5-5తో కిరీటం లాస్కర్ దగ్గరే ఉండిపోయింది. రెండు పాయింట్ల తేడా ఉంటేనే కిరీటం మారుతుందని ఒప్పందంలో రాసుకున్నారా, అందుకే ష్లెక్టర్ తెగించాడా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు. 1927లో కాపబ్లాంకా, అలెఖిన్‌లకు ఆరు గెలుపుల షరతు. బ్యూనస్ ఐరిస్‌లో 34 గేములు పట్టింది, అందులో 25 డ్రాలు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెత్తనం ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే చేతికొచ్చింది. 24 గేములు, 12-12 వస్తే పాత చాంపియనే చాంపియన్. ఈ దారినే 1951లో బ్రాన్‌స్టీన్‌తో, 1954లో స్మిస్లోవ్‌తో సమానంగా ఆడి కూడా బోత్విన్నిక్ కిరీటం నిలుపుకున్నాడు. ఫిషర్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. పది గెలుపుల దాకా ఆడదాం, డ్రాలు లెక్కలోకి రావద్దు, 9-9 అయితే చాంపియన్‌నైన నాకే కిరీటం అన్నాడు. మొదటి రెండూ ఫిడే ఒప్పుకుంది, మూడోది ఒప్పుకోలేదు. ఆ మూడోదాని లెక్కన ఎదుటివాడు కనీసం 10-8తో గెలవాలి, అంటే రెండు గెలుపుల తేడా చూపాలి. ఫిషర్ బోర్డు దగ్గరికే రాలేదు. 1975 ఏప్రిల్‌లో ఒక్క ఎత్తు కూడా వేయకుండా కార్పోవ్ చాంపియన్ అయ్యాడు.

ఫిషర్ పోయినా ఆయన కోరిక సగం మిగిలింది. పది కాస్తా ఆరైంది, గేములకు హద్దు మాత్రం లేదు. 1978లో ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో కార్పోవ్ 5-2తో ముందుండగా కోర్చ్‌నోయ్ నాలుగు గేముల్లో మూడు గెలిచి 5-5 చేశాడు. 32వ గేములో గానీ తెగలేదు. ఈ పద్ధతిలో ప్రమాదం ఉందని అప్పుడే అర్థం కావాల్సింది.

1984 సెప్టెంబరు 10న మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్ కూర్చున్నారు. తొమ్మిది గేములకే కార్పోవ్ 4-0. ఇంకేముంది, అయిపోయిందనుకున్నారంతా. ఆ తర్వాత వరసగా 17 డ్రాలు. 27వ గేము కార్పోవ్‌ది, 5-0. ఇక ఒక్కటి గెలిస్తే చాలు. ఆ ఒక్కటి తర్వాతి 21 గేముల్లోనూ రాలేదు. మా నాయన టీ అంగట్లో పేపర్ తిరగేసి ఆటల పేజీ చూసి "మళ్లా డ్రానే" అని మడిచి పక్కన పడేసేవాడు. దసరా పోయింది, దీపావళి పోయింది, సంక్రాంతి కూడా పోయింది. మధ్యలో 32వ గేము కాస్పరోవ్ గెలిచాడు. మళ్లీ 14 డ్రాలు. తర్వాత 47, 48 గేములు వరసగా కాస్పరోవ్‌వే. 5-3. చిక్కిపోయిన కార్పోవ్ ముఖం ఫొటోల్లోనే తెలిసేది.

1985 ఫిబ్రవరి 15న ఫిడే అధ్యక్షుడు కాంపోమానెస్ విలేకరులను పిలిచి, మ్యాచ్ ఫలితం లేకుండా ముగిసిందన్నాడు. ఆటగాళ్లు అలిసిపోయారన్నది ఆయన కారణం. కాస్పరోవ్ అక్కడే లేచి ఆడతానన్నాడు. కార్పోవ్ కూడా ఆడతాననే అన్నాడు. లోపలికి పోయి మంతనాలు చేసి వచ్చాక కూడా కాంపోమానెస్ మాట మారలేదు. ఇద్దరూ ఆడతామన్న ఆటను మూడోవాడు ఆపాడు.

ఆపడం తప్పని నేననను. ఐదు నెలల్లో 48 గేములు, అందులో 40 డ్రాలు, మనిషన్నవాడు తట్టుకునేది కాదు. తప్పంతా ఆపిన వేళలో ఉంది. 5-0 దగ్గర నెలల తరబడి నలిగినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. వెనకున్నవాడు వరసగా రెండు గెలిచిన వెంటనే ఆరోగ్యం గుర్తుకొచ్చింది. అనుమానం రాకుండా ఎట్లుంటుంది?

కొత్త మ్యాచ్ ఆ సెప్టెంబరులోనే 0-0 నుంచి మొదలైంది. పాత 24 గేముల పద్ధతే మళ్లీ వచ్చింది, పాత రాయితీతో సహా. చివరి గేము కార్పోవ్ గెలిచుంటే 12-12, కిరీటం ఆయనదే. ఓడాడు. 22 ఏళ్ల కాస్పరోవ్ చాంపియన్ అయ్యాడు. రెండేళ్లకు సెవియాలో అదే రాయితీ కాస్పరోవ్‌కు అక్కరకొచ్చింది. 24వ గేము గెలిచి 12-12 చేసి బయటపడ్డాడు.

తర్వాత వచ్చిందే ర్యాపిడ్ టైబ్రేక్, అంటే సమానమైతే తక్కువ టైములో చకచకా గేములాడి తేల్చడం. మన ఆనంద్‌కు దీని చేదు, తీపి రెండూ తెలుసు. 1997 చివర్లో నాకౌట్‌లో అందరినీ దాటుకుంటూ వచ్చి, ఆ అలసట తీరకముందే లొజాన్‌లో, నేరుగా ఫైనల్లో కూర్చున్న కార్పోవ్‌తో ఆడాడు. 3-3 చేశాడు, ర్యాపిడ్‌లో 0-2తో ఓడాడు. 2012లో గెల్ఫాండ్‌తో 6-6 అయినప్పుడు అదే ర్యాపిడ్ ఆయన్ను కాపాడింది. 2018లో కార్ల్‌సన్, కరువానా 12కు 12 గేములూ డ్రా చేసుకున్నారు. చివరిదాంట్లో తనదే పైచేయిగా ఉన్నా కార్ల్‌సనే డ్రా అడిగాడు. ర్యాపిడ్‌లో 3-0. ముందే లెక్కేసుకుని ఆడాడనిపిస్తుంది. పరుగు పందెం సమానమైందని గోలీలాటతో తేల్చినట్టుందని దీన్ని తిట్టేవాళ్లున్నారు. కానీ ఇందులో చాంపియన్‌కు రాయితీ లేదు, ఆపడానికి పెద్దమనిషి అక్కర్లేదు.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్, అప్పటి చాంపియన్ డింగ్ 6½-6½తో చివరి గేముకు వచ్చారు. డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్. అందులో డింగ్‌దే పైచేయి అని చాలామంది అంచనా. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును తప్పు గడికి జరిపాడు, గేము గుకేశ్‌ది అయింది. మర్నాటి ర్యాపిడ్ అవసరం లేకపోయింది.

మా వీధి పిల్లోడి నాయన నిన్న ఇంటికొచ్చాడు, చేతిలో ఇంకో టోర్నమెంటు కరపత్రం. ఎంట్రీ ఫీజు కట్టకముందే టైబ్రేక్ లైను మీద వేలు పెట్టి "ఇదేందో సరిగ్గా చెప్పు" అన్నాడు. మొదట ముఖాముఖి గేము చూస్తారు, దాంట్లోనూ తేలకపోతే బుకోల్జ్ అన్నాను.

"ముఖాముఖి అయితే మేలే గదా!"

పోయినసారి వాళ్లిద్దరి ముఖాముఖి డ్రానే అయిందని గుర్తుచేశాను.