'నేను' అని రాసేటప్పుడు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

తమ జీవితం గురించి రాసుకున్నవాళ్ల రాతప్రతులు దిద్దడం నా పని. రిటైరైన టీచర్లు, నర్సులు, యూనివర్సిటీ కుర్రాళ్లు, అరవై దాటాక మొదటిసారి పెన్ను పట్టిన గృహిణులు పంపిస్తుంటారు. మనుషులు వేరైనా మనసులో పెట్టుకుని వచ్చే నమ్మకాలు మాత్రం దాదాపు ఒకటే. ఎక్కువగా వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మన గురించే కదా, అందులో కష్టమేముంది?

ఒక పెద్దాయన రెండు వందల పేజీలు పంపారు. మొదటి వాక్యం: "నేను నిరుపేద దళిత కుటుంబంలో జన్మించి ఎన్నో అవమానాలు ఎదుర్కొన్నాను." చివరిదాకా తిప్పినా ఆ అవమానాల్లో ఒక్కటీ కనబడలేదు. ఫోన్ చేసి అడిగితే చెప్పారు: "ఊళ్లో పదేళ్ల పిల్లలు కూడా మా నాన్నను ఒరేయ్ ఎల్లిగా అని పిలిచేవాళ్లండీ. నన్ను బళ్లో వేసిన రోజు పంతులు మీ నాన్న పేరేంట్రా అంటే ఎల్లిగాడు అన్నాను. క్లాసంతా నవ్వింది. అప్పటిదాకా ఆయన పేరు అదే అనుకున్నాను."

మరి ఇది రాయలేదేమండీ అంటే, "ఇందులో రాయడానికేముంది, అందరికీ తెలిసిందే కదా" అన్నారు.

వాస్తవం: బాగా తెలిసిన సంగతి రాయాల్సిన సంగతిలా కనబడదు. కాగితం ముందు కూర్చోగానే అవమానం, పోరాటం, అస్తిత్వం లాంటి పెద్ద మాటలే చేతికొస్తాయి. కానీ తెలుగులో ఎవరి స్థానం ఏమిటో పిలుపులోనే తెలిసిపోతుంది. ఎల్లిగాడు, ఎల్లయ్య, ఎల్లయ్య గారు: ముగ్గురూ ఒకే మనిషి కావచ్చు, పిలిచేవాళ్లు వేరు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా మొదట ఒకటే అడుగుతాను. మిమ్మల్ని, మీ అమ్మానాన్నల్ని ఎవరెవరు ఏమని పిలిచేవారో ఒక పేజీ రాసివ్వండి అంటాను. "మీరేమిట్లు?", "మీ ఇంటిపేరు?" అని అడిగించుకున్న సందర్భాలు కూడా అందులోనే వచ్చేస్తాయి.

అపోహ: పుస్తకం కాబట్టి భాష 'బాగుండాలి'.

ఇందులో తప్పు నాది. నేను పెరిగింది అనంతపురంలో. మా వైపు అవ్వ అంటే నాన్నమ్మో అమ్మమ్మో. తెలంగాణ నుంచి ఒకావిడ పంపిన రాతప్రతిలో అవ్వ అని ఉన్నచోటల్లా, పాఠకులకు అర్థం కాదేమోనని నాన్నమ్మ అని మార్చేశాను. ప్రూఫ్ చూసి ఆమె ఫోన్ చేశారు: "సార్, మా అవ్వను ముసల్దాన్ని చేసిన్రు. అవ్వంటే మా అమ్మ." ముప్ఫై నాలుగు చోట్ల తిరిగి మార్చాను. అప్పట్నుంచి బంధుత్వపు మాటల జోలికి అడక్కుండా పోవడం లేదు.

అపోహ: ఈ అస్తిత్వం గోలంతా సోషల్ మీడియా వచ్చాక పుట్టింది.

గుర్రం జాషువా తన కథను పద్యాల్లో రాసుకున్నారు. స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు' 1993లో, దళిత కవితల 'చిక్కనవుతున్న పాట' 1995లో, ముస్లింవాద కవితల 'జల్‌జలా' 1998లో వచ్చాయి. అప్పటికి ఫేస్‌బుక్కే లేదు.

అపోహ: నేను మా వాళ్లందరి తరఫునా రాస్తున్నాను.

తెలుగులో మేము, మనం అని రెండున్నాయి. మేము అంటే ఎదుటివాళ్లు బయటే ఉంటారు, మనం అంటే లోపలికొస్తారు. ఈ రెండూ ఎక్కడెక్కడ వాడారో గుర్తుపెట్టుకుంటూ వెళితే, రాసేవాళ్లు ఎవరితో మాట్లాడుతున్నారో తేలిపోతుంది.

కర్నూలు వైపు నుంచి ఒక ముస్లిం కుర్రాడు పంపిన అధ్యాయంలో మొదటి పేజీ అంతా మేము. ఇఫ్తార్ అంటే ఏమిటి, జానమాజ్ అంటే ఏమిటి, అన్నిటికీ పక్కనే వివరణ. చదువుతుంటే గైడు వెంట తిరుగుతున్నట్టుంది. ఉపనయనం గురించో, శ్రావణమాసం నోముల గురించో రాసేవాళ్లెవరైనా బ్రాకెట్లో అర్థం ఇస్తారా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వారం తర్వాత పంపిన ప్రతిలో వివరణలన్నీ పోయాయి. వాళ్లమ్మ మాత్రం తెల్లవారుజామున సహరీకి లేపుతూ తిడుతోంది, ఉర్దూలోనే, తెలుగు లిపిలో. తిట్టు తిట్టులాగే అర్థమైంది.

వాస్తవం: ఊరందరి తరఫున రాయబోతే ఊరూ రాదు, మనమూ రాము. మేము అని రాయడం తప్పేమీ కాదు. ఆ మేములో ఎవరున్నారో, అక్కచెల్లెళ్లు ఉన్నారో లేదో ఒకసారి చూసుకుంటే చాలు.

అపోహ: వ్యాకరణానికీ మన గుర్తింపుకూ సంబంధం లేదు.

హిందీలో 'ఆతా హూఁ', 'ఆతీ హూఁ' అనగానే ఆడో మగో తెలిసిపోతుంది. తెలుగులో 'వచ్చాను' అంటే తెలియదు. ఒక ట్రాన్స్ మహిళ కథ దిద్దుతున్నప్పుడు ఇది ఎంత వెసులుబాటో అర్థమైంది. నేను, చూశాను, పారిపోయాను అంటూ ఆమె హాయిగా రాసుకుంటూ పోయారు. చిక్కల్లా ఇంట్లోవాళ్లు నోరు తెరిచినప్పుడే. "వీడు మన పరువు తీస్తున్నాడు" అని తండ్రి అన్నమాటను "ఈమె" అని మారిస్తే ఆ రోజు జరిగింది అబద్ధమవుతుంది. అలాగే ఉంచితే ప్రతిసారీ గుచ్చుకుంటుంది. చివరికి ఆమే తేల్చారు: నాన్న మాట నాన్నదే, పాత పేరు మాత్రం ఎక్కడా రాదు. లింగ గుర్తింపు ఎవరికి వారు చెప్పుకునేదేనని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. తండ్రి అన్న 'వీడు' కాగితం మీద ఏమవ్వాలో మాత్రం ఏ తీర్పూ చెప్పదు.

ఇలాంటివి తెలుగులో ఎవరు చదువుతారని అడిగేవాళ్లకు ఒక మాట. తమిళనాడుకు చెందిన ట్రాన్స్ మహిళ ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు తెలుగు చేస్తే, దానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది.

అపోహ: పేర్లు మార్చేస్తే గొడవ ఉండదు.

ఊరు అదే, వేపచెట్టు అదే, ముగ్గురన్నదమ్ముల్లో కుంటుతూ నడిచేది పెద్దాయనే. సుబ్బారావును రంగారావు చేసినంత మాత్రాన చుట్టాలు గుర్తుపట్టరా? పరువునష్టం కేసులో కూడా చూసేది పేరొక్కటే కాదు, మనిషిని గుర్తుపట్టగలమా అన్నది కూడా. భారతీయ న్యాయసంహిత 356వ సెక్షన్ ప్రకారం నిజమే రాశానంటే సరిపోదు, అది బయటికి రావడం ప్రజల మేలు కోసం అని కూడా చూపించాలి. చనిపోయినవాళ్ల గురించైనా సరే, వాళ్ల కుటుంబాన్ని బాధపెట్టాలని రాస్తే నేరం కావచ్చు. ఇవన్నీ చెప్పేసరికి చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. నిజానికి నా దగ్గర కోర్టు దాకా వెళ్లిన పుస్తకం ఒక్కటీ లేదు. పెళ్లిళ్లకు పిలుపులు ఆగిపోయినవి మాత్రం ఉన్నాయి.

ఒకావిడ తన అక్క మొదటి పెళ్లి గురించి నాలుగు పేజీలు రాశారు. రాతప్రతి మొత్తంలో మంచి పేజీలు అవే. ఆ పెళ్లి సంగతి అక్క పిల్లలకు తెలియదట. ముందు అక్కకు చూపించండి అన్నాను. చూపించలేక, తనే కొట్టేసి ఒక్క వాక్యం ఉంచారు: "ఆ ఏడాది అక్క మా ఇంట్లోనే ఉంది." నాకైతే ఆ పేజీలు పోయినందుకు ఇప్పటికీ కొంచెం బాధే.

పుస్తకం వచ్చాక అక్క చదివి చెల్లెలికి ఫోన్ చేసిందట. "ఏమే, ఆ ఏడాది రాత్రుళ్లు కూర్చుని నీకు కుట్టిన పచ్చ పరికిణీ గురించి ఒక్క ముక్కయినా రాయలేదేంటే?"